చెమట సైన్యం: సయాం రైలుదారిలో లెక్కకెక్కని ఖైదీలు

యుద్ధాల చరిత్రలో మనవాళ్లు ఎక్కడున్నారు అని అడిగితే దళిత ఉద్యమం దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంది. భీమా కోరేగావ్. 1818 జనవరి 1న పీష్వా సైన్యంతో జరిగిన పోరాటంలో కంపెనీ తరఫున చనిపోయిన 49 మంది పేర్లు అక్కడి స్తూపం మీద ఉన్నాయి. వాటిలో 22 పేర్ల చివర 'నాక్' అని ఉంటుంది. అవి మహార్ల పేర్లు. 1927 జనవరి 1న డాక్టర్ అంబేద్కర్ ఆ స్తూపం దగ్గరికి వెళ్లారు. రాతి మీద చెక్కిన పేరును ఏ పీష్వా వారసుడూ చెరపలేడు గదా. అందుకే ఆ రాయి మనకు అంత విలువైనది.

ఆ తర్వాతి కథ కూడా మనకు తెలిసిందే. 1890ల మొదట్లో తెల్ల దొరలు 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పట్టుకుని మహార్లకు సైన్యం తలుపులు మూశారు. గోపాల్ బాబా వలంగ్కర్ అర్జీ రాశారు. 1910లో శివరాం జానబా కాంబ్లే మళ్లీ అర్జీ పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో 111వ మహార్ దళాన్ని పెట్టారు, అవసరం తీరగానే 1921లో తీసేశారు. మళ్లీ యుద్ధమొస్తే 1941లో మహార్ రెజిమెంట్, 1943లో చమార్ రెజిమెంట్ పుట్టాయి. చమార్ రెజిమెంట్‌ను 1946లో రద్దు చేశారు. అవసరానికి పిలవడం, అవసరం తీరాక గెంటడం. ఇది మనకు కొత్త కాదు.

ఈ చరిత్రను తవ్వి తీసినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం. అందులో అనుమానం లేదు. కానీ ఒక మాట అడగక తప్పదు. యూనిఫాం తొడుక్కున్నవాడినే మనం వెతుకుతున్నామా? పతకం, పెన్షన్, రెజిమెంట్ నంబరు ఉన్నవాడే చరిత్రకు అర్హుడా? అలా అయితే సైన్యం రాసుకున్న రిజిస్టరునే మనమూ ఒప్పుకున్నట్టవుతుంది. ఆ రిజిస్టరులో మనవాళ్లలో ఎక్కువమందికి చోటే లేదు.

సిపాయి వెనక నడిచినవాడు

బ్రిటిష్ ఇండియా సైన్యంలో మనుషులు రెండు రకాలు. తుపాకి పట్టినవాడు సిపాయి. మిగతావాడు 'ఫాలోయర్', అంటే వెంట నడిచేవాడు. నీళ్లు మోసేవాడు, కంచరగాడిదలు తోలేవాడు, చెప్పులు కుట్టేవాడు, బట్టలుతికేవాడు, దొడ్లు ఎత్తేవాడు, డోలీ మోసేవాడు అందరూ ఈ పద్దు కిందికే వస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం లెక్కలు చూస్తే 1919 చివరికి ఇండియాలో చేర్చుకున్న 14 లక్షల పైచిలుకు మందిలో 5 లక్షల 63 వేలమంది ఈ పోరాడని పద్దులో ఉన్నారు. అంటే పదిమందిలో నలుగురు. జీతం తక్కువ, గౌరవం అసలే లేదు. ఊళ్లో వాడ ఎలాగో సైన్యంలో ఫాలోయర్ల గుడారాలు అలాగ.

వీళ్లు కూడా చాలని రోజున సర్కారు జైళ్ల వైపు చూసింది. 1916 నుంచి శిక్ష తగ్గిస్తామని ఆశ పెట్టి సుమారు 16 వేలమంది ఖైదీలను మెసపొటేమియాకు పంపారు. బరువులు మొయ్యడానికి, రోడ్లు వెయ్యడానికి, పాకీ పని చెయ్యడానికి. యుద్ధభూమిలో కూడా పాకీ పనికి కులం చూసే మనిషిని వెతికారంటే ఇక చెప్పేదేముంది.

ఈ లక్షలమందిలో మనకు సమాధితో సహా దొరికే ఒక పేరు సుఖా. ఊరు బరేలీ. ఇంగ్లండులో బ్రాకెన్‌హర్స్ట్ అనే ఊళ్లో గాయపడిన ఇండియన్ సిపాయిల ఆసుపత్రిలో పాకీ పని చేస్తూ 1915 జనవరిలో చనిపోయాడు. అంటరానివాడని హిందువులు దహనం చెయ్యనన్నారనీ, తమవాడు కాదని ముస్లింలు పూడ్చనన్నారనీ, చివరికి ఆ ఊరి పాదిరీ తన చర్చి దొడ్లో చోటిచ్చాడనీ చెబుతారు. ఊరివాళ్లు చందాలేసుకుని రాయి పాతించారు. సముద్రాలు దాటినా కులం సుఖా శవాన్ని వదల్లేదు. అయినా అతనికి ఒక రాయి దక్కింది. ఇప్పుడు మేము చెప్పబోయేవాళ్లకు అది కూడా లేదు.

415 కిలోమీటర్లు

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. బ్రిటిష్, ఆస్ట్రేలియన్ సైనికులతోబాటు 40 వేలమందికి పైగా ఇండియన్ సిపాయిలు ఖైదీలయ్యారు. బర్మాలో ఉన్న తన సైన్యానికి సరుకు పంపడానికి జపాన్‌కు సముద్రం దారి ప్రమాదంగా మారింది. సయాం (ఇప్పటి థాయిలాండ్) వైపు బాన్ పోంగ్ దగ్గర్నుంచి బర్మాలోని థాన్‌బ్యూజయాత్ దాకా, కొండలు, అడవుల గుండా 415 కిలోమీటర్ల రైలుదారి వెయ్యాలని నిర్ణయించింది. 1942లో మొదలైన పని 1943 అక్టోబరులో ముగిసింది. కొండలు తొలిచింది యంత్రాలు కావు, మనుషుల చేతులు. సమ్మెట, గునపం, తట్ట.

ఈ దారి మీద 60 వేలమందికి పైగా మిత్రరాజ్యాల యుద్ధ ఖైదీలు పనిచేశారు. 12 వేలమందికి పైగా చచ్చిపోయారు. లోకానికి తెలిసిన కథ ఇదే. కానీ అదే దారి మీద అంతకు మూడు నాలుగింతలు ఆసియా కూలీలున్నారు. బర్మీయులు, జావావాళ్లు, మలయావాళ్లు, చైనావాళ్లు, మలయా రబ్బరు తోటల నుంచి తీసుకుపోయిన తమిళులు, తెలుగువాళ్లు. 1 లక్షా 80 వేల నుంచి రెండున్నర లక్షల దాకా ఉంటారని అంచనాలు. వీళ్లలో సుమారు 90 వేలమంది చనిపోయారని సాధారణంగా ఒప్పుకునే లెక్క. ఖైదీల చావులు మనిషి మనిషికీ లెక్క తేలాయి. కూలీల చావులు వేలల్లో అంచనా కట్టాల్సి వస్తున్నది. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నదే మా ప్రశ్న.

బర్మాలో ఇలా పట్టుకుపోయిన కూలీలకు పెట్టిన పేరు 'చ్వే తాట్'. ఆ మాటకు అర్థం చెమట సైన్యం. పేరులో సైన్యం ఉంది గానీ సైనికుడికి ఉండే ఏ రక్షణా లేదు.

తోటలో మొదలైన ఖైదు

తెలుగు కూలీలు మలయాకు ఎలా చేరారు? విశాఖపట్నం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల నుంచి కంగాణీల వెంట పోయారు. కంగాణీ అంటే ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి మనుషుల్ని తోలుకుపోయే పెద్ద. కరువు, అప్పు, కులం ఈ మూడూ వెనక నుంచి తరుముతుంటే అతని మాట తియ్యగానే ఉంటుంది. 1931 జనగణనలో మలయాలో తమిళులు 5 లక్షలు దాటారు, తెలుగువాళ్లు 32 వేలు దాటారు. పేరాక్, కెడా వంటి చోట్ల తోటల్లో ఎక్కువగా ఉన్నారు. తెలుగువాళ్లలో కాపులు, వెలమలు, గవరలు కూడా వెళ్లారు. అందరూ దళితులేమీ కాదు. కానీ మొత్తం దక్షిణ భారత తోటకూలీల్లో మూడోవంతు దాకా అంటరాని కులాలవాళ్లేనని చరిత్రకారుల అంచనా. తోటలో కూడా వాళ్ల ఇళ్ల వరస వేరు. సముద్రం దాటితే కులం పోతుందని శాస్త్రాలు చెప్పాయి. పోయేది పైకులపోడి కులం గాని, కిందివాడి అంటరానితనం ఎక్కడికీ పోలేదు.

తోట చిట్టాలో కూలీ ఒక నంబరు. గీసిన చెట్లు, కొలిచిన పాలు, పట్టిన జరిమానా రాస్తారు. ఊరు, ఇంటిపేరు, వెనక ఎవరున్నారు అన్నది ఎవరికీ పట్టలేదు. తెలుగువాడైనా తెల్లదొరకు 'తమిళ కూలీ'యే. తర్వాత ఖైదీలు రాసుకున్న జ్ఞాపకాల్లోనూ ఈ పొరపాటే నడిచింది. అడవిలో తెలుగులో నీళ్లడిగినవాడు కూడా పుస్తకంలో తమిళుడిగానే చచ్చిపోయాడు. 1938లో భారత ప్రభుత్వం మలయాకు కూలీల వలసను ఆపేసింది. తర్వాత యుద్ధం వచ్చింది. రాకపోకలు పోయాయి, ఉత్తరాలూ పోయాయి.

జపాన్ వచ్చాక రబ్బరు కొనేవాడు లేడు. తోటలు మూతపడ్డాయి. బియ్యం దొరకలేదు. అప్పుడు చాటింపు వచ్చింది: సయాంలో పని, రోజుకో డాలరు, మూడు నెలలే, తిండి ఉచితం. ఆకలికి కొందరు వాళ్లంతట వాళ్లే పోయారు, పెళ్లాం పిల్లలతో సహా. పోయినవాళ్లు తిరిగి రాకపోయేసరికి ఎవరూ ముందుకు రాలేదు. ఇక వేట మొదలైంది. ఉచితంగా సినిమా అని పిలిచి తలుపులు మూసి లారీలెక్కించారు. తోటకు ఇంతమంది అని లెక్క కట్టి అడిగారు. ఆ లెక్క పూర్తి చేసింది ఎవరు? తోట గుమాస్తా, కంగాణీ. వాళ్లకు నచ్చనివాడు, ఎదురు మాట్లాడేవాడు, అండలేనివాడు ముందు పోతాడు. జపాన్ తుపాకి వచ్చింది 1942లో. కానీ ఎవర్ని పంపాలో చెప్పే వేలు అంతకు చాలా ముందునుంచీ అక్కడే ఉంది.

మలయా నుంచి 70 వేలమందికి పైగా ఇలా పోయారు. వాళ్లలో ఎక్కువమంది దక్షిణ భారతీయులు. మూసిన ఇనప పెట్టెల్లో నాలుగైదు రోజులు ప్రయాణం. బాన్ పోంగ్‌లో దిగాక వానలో, బురదలో అడవిదారిన వందల కిలోమీటర్లు నడక.

ఇక్కడ ఖైదీకీ కూలీకీ ఉన్న తేడా గమనించాలి. ఖైదీలు కూడా ఎముకల గూళ్లే. దెబ్బలు తిన్నారు, బెరిబెరితో ఉబ్బారు, కుళ్లిన పుండ్లకు కాళ్లు కోయించుకున్నారు. వాళ్ల బాధను తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. కానీ వాళ్ల వెంట వాళ్ల ఆఫీసర్లున్నారు, డాక్టర్లున్నారు. నీళ్లు కాచి తాగాలని ఆజ్ఞ ఇచ్చేవాడున్నాడు. చనిపోయినవాడి పేరు, నంబరు, తేదీ దాచిన కాగితం మీద రాసేవాడున్నాడు. కూలీల గుడిసెల్లో ఇవేవీ లేవు. 1943 వానాకాలంలో కలరా వచ్చినప్పుడు కూలీ శిబిరాలు శిబిరాలుగానే ఖాళీ అయ్యాయి. భయానికి అడవిలోకి పారిపోయినవాళ్లు అక్కడే పడిపోయారు. శవాలను ఏటిలో వేశారు, గుంటల్లో కలిపి పూడ్చారు. పని ఆగిపోతుందని తోచాకే జపాన్‌వాళ్లు సింగపూర్ ఖైదీల్లోంచి 'కె ఫోర్స్', 'ఎల్ ఫోర్స్' అని రెండు వైద్య బృందాలను కూలీల కోసం తెప్పించారు. రెండూ కలిపి 400 మంది లేరు. కూలీల చావుల గురించి మనకు ఈరోజు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ ఖైదీ డాక్టర్లు చూసి చెప్పిందే. మనవాళ్ల సొంత గొంతు కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1943లో సుభాష్ చంద్ర బోస్ వచ్చాక ఆజాద్ హింద్ ఫౌజ్‌లో తోటకూలీలు వేలల్లో చేరారు. దేశభక్తి ఉంది, నిజమే. ఫౌజ్‌లో చేరితే సయాం పంపరన్న ఆశ కూడా ఉంది. తుపాకి పట్టడమే అప్పుడు ప్రాణం దక్కించుకునే దారి. ఇక్కడ కూడా యూనిఫామే మనిషిని మనిషిగా నిలబెట్టింది.

ఎవరికి రాయి, ఎవరికి గుంట

యుద్ధం ముగిసింది. కాంచనబురిలో ఒక శ్మశానం కట్టారు, దాదాపు 7 వేల సమాధులు. చుంకాయ్‌లో 1,700 పైగా. థాన్‌బ్యూజయాత్‌లో 3,700 పైగా. పచ్చిక కత్తిరించి ఉంటుంది, ప్రతి రాయి మీద వీలైనంతవరకు పేరు, వయసు ఉంటాయి. సింగపూర్ క్రాంజీలో శవం దొరకనివాళ్ల పేర్లు 24 వేలకు పైగా గోడల మీద చెక్కారు. అందులో ఇండియన్ సిపాయిలూ ఉన్నారు. ఇది చెయ్యాల్సిన పనే, చేశారు. కూలీలకు మాత్రం అలాంటి శ్మశానం లేదు. 1990లో కాంచనబురి దగ్గర పొలంలో తవ్వితే వందలమంది ఎముకలు ఒకే గుంటలో బయటపడ్డాయి. 47 ఏళ్లు వాటి మీద సేద్యం సాగింది.

యుద్ధ నేరాల విచారణల్లో రైలుదారికి సంబంధించి 111 మందిని విచారించి 32 మందికి మరణశిక్ష వేశారు. కేసుల్లో ముఖ్యంగా నిలిచింది తెల్ల ఖైదీల బాధ. కాపలాదారుల్లో కొందరు కొరియావాళ్లు, వాళ్లూ జపాన్ కింద బానిసలే. పైవాడు కిందివాడి చేత అతి కిందివాణ్ని కొట్టించడం మనకు తెలియని పద్ధతా?

పరిహారం సంగతి చూద్దాం. 1952లో జపాన్‌తో శాంతి ఒప్పందం చేసుకున్న స్వతంత్ర భారతం యుద్ధ నష్టపరిహారం హక్కు మొత్తం వదులుకుంది. ఆసియా సౌభ్రాతృత్వం అన్నారు. ఎవరి హక్కును ఎవరు వదులుకున్నారు? సయాంలో మొగుణ్ని పోగొట్టుకున్న ఆడమనిషిని అడిగారా? 1967లో మలేసియాతో జపాన్ చేసుకున్న ఒప్పందం కింద రెండు ఓడలు ముట్టాయి. రైలు కూలీ ఇంటికి చేరింది ఏమీ లేదు. 2000లో బ్రిటన్ తన మాజీ ఖైదీలకు, లేకపోతే వాళ్ల భార్యలకు తలా 10 వేల పౌన్లు ఇస్తామంది. ఇండియన్ సైనిక చట్టం కింద ఉన్నవాళ్లకు వర్తించదని గీత గీసింది. గూర్ఖా మాజీ ఖైదీలు కోర్టుకెక్కితే 2002లో ఆ గీత చెల్లదని తీర్పు వచ్చింది. యూనిఫాం ఉన్న గూర్ఖాకే అంత పోరాటం చెయ్యాల్సి వచ్చింది. కూలీ ఏ కాగితంతో కోర్టుకు పోతాడు? భారతంలో 1972 నుంచి స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ ఆజాద్ హింద్ ఫౌజ్‌వాళ్లకూ అందింది. ఏ జెండా కిందైనా యూనిఫాం తొడుక్కుంటే ఒక అర్జీ పెట్టుకునే చోటుంది. తట్ట మోసినవాడికి ఏ జెండా కిందా చోటు లేదు.

కథలూ అంతే. రైలుదారిని లోకానికి చూపించింది 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' అనే 1957 నాటి సినిమా. దానికి మూలం ఫ్రెంచి రచయిత పియర్ బూల్ 1952లో రాసిన నవల. బూల్ యుద్ధానికి ముందు మలయా రబ్బరు తోటల్లోనే ఉద్యోగం చేశాడు. దక్షిణ భారత కూలీలు ఆయనకు తెలియనివాళ్లు కారు. అయినా ఆ కథలో వంతెన కట్టేది తెల్ల సైనికులే. మలేసియా తమిళులు తమ కథను తామే రాసుకోవడం మొదలెట్టారు. ఆర్. షణ్ముగం 'సయాం మరణ రయిల్' నవల అలాంటిదే. తెలుగులో ఆ చోటు చాలావరకు ఖాళీగానే ఉంది.

ఇళ్లల్లో మిగిలింది

1931లో మలయాలో భారతీయులు 6 లక్షల 20 వేలకు పైగా. 1947 నాటికి 6 లక్షల లోపుకు పడిపోయారు. పదహారేళ్లలో పెరగాల్సిన జనం తగ్గారు. ఇళ్లకు తిరిగి వెళ్లినవాళ్లు కొందరు, ఆకలికి పోయినవాళ్లు కొందరు, సయాంలో పోయినవాళ్లు మరెందరో. తోట లైన్లలో ఆడవాళ్లు మిగిలారు. పోయినవాడు చచ్చాడో బతికాడో చెప్పే కాగితం రాదు కాబట్టి బొట్టు తియ్యాలో ఉంచాలో తెలియని బతుకు. సైనికుడి భార్యకు టెలిగ్రాం వస్తుంది. కూలీ భార్యకు మౌనం వస్తుంది. ఈవలి ఒడ్డున కూడా అంతే. 'రంగం పోవడం' అన్న మాట ఉన్న మన కోస్తా ఊళ్లలో, ఓడెక్కి తిరిగి రానివాడు ఏ కడలి మింగిందో తెలియని మనిషిగా మిగిలిపోయాడు.

కానీ తిరిగొచ్చినవాళ్లు మునుపటిలా లేరు. తెల్లదొర ఓడిపోవడం కళ్లారా చూసినవాళ్లు, ఫౌజ్‌లో కవాతు నేర్చినవాళ్లు మళ్లీ అదే దొర ముందు తలొంచి నిలబడడానికి ఇష్టపడలేదు. 1946-47లో తోటల్లో సమ్మెలు లేచాయి. కెడాలో 'తొండర్ పడై' అనే దళం పుట్టింది. తోటలోనే అమ్మే కల్లు దుకాణాలను మూయించింది, కూలీల్లో ఆత్మగౌరవం, క్రమశిక్షణ నిలిపింది. దొరలు, పోలీసులు 1947లో దాన్ని అణిచేశారు. యుద్ధం ఆ కూలీలకు రోగాల్ని మాత్రమే ఇవ్వలేదు, తల ఎత్తడాన్నీ ఇచ్చింది. బాధితులుగా మాత్రమే వాళ్లను చూస్తే ఇది కనబడదు.

మేం మా ఇళ్లల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లం. ఆధారం ఏదీ అని మమ్మల్ని ప్రతిచోటా అడుగుతారు. అడగాల్సిందే. కానీ ఆధారం ఎవరికి మిగులుతుంది అన్న ప్రశ్న కూడా పరిశోధనలో భాగమే. ఖైదీకి డైరీ మిగిలింది, ఎందుకంటే అతని చదువును, పేరును, సాటివాడిని జపాన్ లాక్కోలేకపోయింది. కూలీకి మిగల్లేదు, ఎందుకంటే వాటిని ఊళ్లో కులం, తోటలో కంపెనీ ముందే లాక్కున్నాయి. సయాం అడవిలో 90 వేలమంది పేరు లేకుండా పోయింది ఒక్క 1943లో కాదు.

కోరేగావ్ స్తూపాన్ని వదులుకోమని మేము అనడం లేదు. ఆ 22 పేర్లు మనవే. కానీ యుద్ధంలో మన వాటా అడిగేటప్పుడు పతకాల జాబితా దగ్గర ఆగిపోవద్దు. పాకీవాడు, నీళ్లు మోసినవాడు, జైలు నుంచి తెచ్చినవాడు, సయాంకు తోలిన కూలీ వీళ్లంతా యుద్ధం చేసినవాళ్లే, యుద్ధ ఖైదీలే. ముసలివాళ్లు ఇంకా మిగిలిన ఇళ్లల్లో అడగాల్సిన ప్రశ్న చిన్నది: మీ ఇంట్లోంచి ఓడెక్కి పోయి తిరిగి రానిది ఎవరు, అతని పేరేమిటి? ఆ పేర్లు ఒక్కొక్కటే రాసుకుంటూ పోదాం.